అవిసె గింజలు: ఒకే డబ్బా, నాలుగు రకాల పళ్లేలు

చదవడానికి తీరిక లేనివారి కోసం ముందే తీర్పు చెప్పేస్తాను. అవిసెను పొడిగా కాదు, గింజలుగానే కొనండి. ఇంట్లో కొద్దికొద్దిగా పొడి చేసుకుని, రోజుకు ఒకటి లేదా రెండు పెద్ద చెంచాలు తిని, నీళ్లు బాగా తాగండి. పొడి చేసి అమ్మే ప్యాకెట్లకు నేనిచ్చేది రెండో స్థానం. నూనె కొందరికే పనికివస్తుంది. నూనె గుళికల అవసరం దాదాపు ఎవరికీ లేదు. మీరు పాటించేది కీటో అయినా, వీగన్ అయినా, మరొకటి అయినా ఈ వరుస మారదు.

ఈ మాట చెప్పడానికి నాకున్న ఆధారం మా వంటగది. మా వారు మధుమేహం వల్ల పిండిపదార్థాలు బాగా తగ్గించి, కీటోకు దగ్గరగా తింటున్నారు. అమ్మాయి మాంసం, చేపలే కాదు, పాలు, గుడ్లు కూడా మానేసి వీగన్ అయింది. మామగారికి రక్తపోటు ఎక్కువ. ఉప్పు తగ్గించి డ్యాష్ పద్ధతిలో తినమని డాక్టర్ చెప్పారు. మా ఆడపడుచుకు సీలియాక్ వ్యాధి, అంటే గోధుమ వంటి ధాన్యాల్లోని గ్లూటెన్ పేగులకు పడదు. ఆవిడ మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ గోధుమ, బార్లీ, రై తగిలిన గిన్నె కూడా పొయ్యి మీదకు రాకూడదు. ఈ నలుగురి పళ్లేల్లోకీ అడ్డు లేకుండా వెళ్లగలిగిన వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వాటిలో అవిసె ఒకటి. అందుకే దాన్ని ఇంత పట్టుదలగా పరీక్షించాను.

నేను పరీక్షించిన తీరు ఇది. ఏ డైట్ అయినా పళ్లెంలోంచి ఏదో ఒకటి తీసేస్తుంది. ఒకటి పిండిని తీసేస్తుంది, ఒకటి గుడ్డును, ఒకటి చేపను, ఒకటి గోధుమను. అప్పుడు ఏర్పడిన ఖాళీలోకి అవిసెను తెచ్చి పెడతాం. ఆ ఖాళీని అది నిజంగా ఎంతవరకు నింపుతుంది? 'నా డైట్‌లో అవిసె తినవచ్చా' అనే ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ 'తినవచ్చు' అనే వస్తుంది. దానివల్ల మనకు తెలిసేది తక్కువ. దేనికి బదులుగా తింటున్నాం అని అడిగితేనే లెక్క తేలుతుంది.

ముందు గింజలో ఏముందో చూద్దాం. 100 గ్రాముల అవిసెలో సుమారు 534 కిలోకేలరీలు, 42 గ్రాముల కొవ్వు, 18 గ్రాముల మాంసకృత్తులు, 29 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. ఆ 29 గ్రాముల్లో 27 దాకా పీచే. కొవ్వులో సగానికి పైగా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం, అంటే మొక్కల నుంచి వచ్చే ఒమేగా 3. పొడి చేసిన అవిసె ఒక పెద్ద చెంచా సుమారు 7 గ్రాములు తూగుతుంది. అందులో 37 కిలోకేలరీలు, 2 గ్రాములకు కాస్త తక్కువగా పీచు, 1.6 గ్రాముల ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటాయి. అమెరికాలో ఈ ఆమ్లం పెద్దవారికి రోజుకు ఎంత ఉంటే సరిపోతుందని నిర్ణయించారో చూస్తే, మగవారికి 1.6 గ్రాములు, ఆడవారికి 1.1 గ్రాములు. అంటే ఒక్క చెంచాతో ఆ లెక్క పూర్తయిపోతుంది. ఇంత చిన్న పరిమాణంలో ఇంత పని చేసే వస్తువు వంటగదిలో ఇంకొకటి చూపించడం కష్టం. దీనికి తోడు లిగ్నాన్లు అనే పదార్థాలు. మనం తినే ఆహారాలన్నిటిలోనూ వీటిలో అవిసెదే మొదటి స్థానం. పేగుల్లోని బ్యాక్టీరియా వీటిని ఎంటరోడయాల్, ఎంటరోలాక్టోన్ అనే రూపాల్లోకి మారుస్తుంది.

అయితే ఈ అంకెలన్నీ గింజ నలిగితేనే. అవిసె పైపొర నున్నగా, గట్టిగా ఉంటుంది. నమలకుండా మింగిన గింజ చాలావరకు మింగినట్టే బయటకు వెళ్లిపోతుంది. పెరుగు మీద, సలాడ్ మీద గింజలు అలాగే చల్లుకుని 'ఒమేగా 3 తిన్నాను' అనుకునేవారిని చూస్తే నాకు బాధగా ఉంటుంది. కంటికి అందంగా ఉంటుంది, పీచు కొంత పని చేస్తుంది, కానీ లోపలి నూనె ఒంటికి అందేది చాలా తక్కువ. పొడి చేయడానికి కాఫీ గింజలు నూరే చిన్న యంత్రం అన్నిటికన్నా బాగుంది. మిక్సీ అయితే చిన్న జారు వాడి, ఆపి ఆపి తిప్పాలి. ఏకధాటిగా తిప్పితే వేడెక్కి, నూనె ఊరి, పొడి అడుగున ముద్ద కడుతుంది. గింజలను ముందు సన్నని మంట మీద కొద్దిగా వేయిస్తే వాసన బాగుంటుంది, పొడి కూడా తేలికగా అవుతుంది. రంగు మారేదాకా వేయిస్తే మాత్రం చేదు వస్తుంది. నేను వారానికి సరిపడా మాత్రమే చేసి, గాజు సీసాలో గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచుతాను. పొడి చేయని గింజలు గాలి తగలని డబ్బాలో, చల్లని చోట నెలల తరబడి చెక్కుచెదరవు.

పొడి ఎందుకు త్వరగా పాడవుతుందో తెలిస్తే ఈ జాగ్రత్తలు చాదస్తం అనిపించవు. ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం గాలిలోని ఆక్సిజన్‌తో చాలా తేలికగా కలుస్తుంది. చిత్రకారులు తైలవర్ణ చిత్రాలకు అవిసె నూనెను వాడేది, చెక్క సామానుకు పూసేది ఈ గుణం కోసమే: గాలి తగిలితే ఆరి గట్టిపడుతుంది. 1860లలో ఫ్రెడరిక్ వాల్టన్ అనే ఆయన ఈ గట్టిపడిన నూనెతోనే నేల మీద పరిచే లినోలియం తయారుచేశాడు. అదే రసాయన చర్య మన డబ్బాలో జరిగితే పొడి కంపు కొడుతుంది. తాజా పొడి తేలికగా, గింజధాన్యపు కమ్మదనంతో ఉంటుంది. పాడైన పొడికి రంగు డబ్బా మూత తీసినప్పటి వాసన, నాలుక చివర చేదు, ఒక్కోసారి చేప వాసన. నేను తెచ్చిన ఒక పొడి ప్యాకెట్, గడువు తేదీకి ఇంకా చాలా సమయం ఉండగానే, విప్పీ విప్పగానే ఆ వాసన కొట్టింది. ప్యాకెట్ మీద తయారీ తేదీ ఉంది. గింజను పొడి చేసిన తేదీ అదేనా, ప్యాకెట్‌లో నింపిన తేదీయా అన్నది ఎక్కడా లేదు. పారదర్శకమైన ప్లాస్టిక్ సంచి, వెలుతురు పడే అర. అంతా చెత్తబుట్టలోకి పోయింది. ఆ తర్వాత నుంచి పొడి కొనవలసి వస్తే, వెలుతురు చొరబడని, గాలి తీసేసిన చిన్న ప్యాకెట్లే చూస్తున్నాను.

ఇక డైట్ల సంగతి. కీటోలో అవిసెకు నేనిచ్చే మార్కులు చాలా ఎక్కువ. ఈ డైట్ 1920లలో మూర్ఛ వ్యాధి చికిత్సగా మొదలైంది. ఇప్పుడు బరువు కోసం, మధుమేహం కోసం పాటించేవారే ఎక్కువ. రోజంతటికీ కలిపి పిండిపదార్థాలు సుమారు 20 నుంచి 50 గ్రాములు దాటకూడదు. దాంతో రొట్టె, పిండివంట, గంజి అన్నీ పోతాయి. వాటితోపాటు పీచు కూడా పోతుంది. కీటో మొదలుపెట్టినవారు ముందుగా చెప్పుకునే బాధ మలబద్ధకం. అవిసె ఈ రెండు ఖాళీలనూ ఒకేసారి పూడుస్తుంది. పీచు తీసేస్తే 100 గ్రాముల్లో మిగిలే పిండిపదార్థం 2 గ్రాములే. మా వారికి నేను చేసేవి రెండు. ఒకటి, అవిసె పొడిలో ఉప్పు, జీలకర్ర, నీళ్లు కలిపి, పలచగా పరిచి, ఓవెన్‌లో కరకరలాడేదాకా కాల్చిన అప్పచ్చులు. రెండోది, పొడి, గుడ్లు, బేకింగ్ పౌడర్‌తో చేసే రొట్టె. మొదటిది నిస్సందేహంగా బాగుంటుంది. రెండోది వేడిగా ఉన్నప్పుడు బాగుంటుంది. చల్లారాక లోపల తడిగా, జిగటగా అనిపిస్తుంది. మా వారు దాన్ని సన్నగా కోసి మళ్లీ పెనం మీద కాల్చుకుంటారు, అప్పుడు ఇష్టంగా తింటారు.

కానీ ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. కీటో వంటల్లో అవిసెను పిండిలాగా గిన్నెలకు గిన్నెలు వాడమంటారు. 200 గ్రాముల పొడితో ఒక రొట్టె చేస్తే, గుడ్లు, నూనె లెక్కలోకి రాకముందే అందులో 1,000 కిలోకేలరీలు దాటిపోతాయి. పీచు 50 గ్రాములకు పైగా ఉంటుంది. పిండిపదార్థం లేదు కదా అని సగం రొట్టె ఒకే పూట తినేవారికి బరువు తగ్గదు, కడుపు మాత్రం ఉబ్బుతుంది. కీటోలో అవిసె పీచుకు మంచి మార్గం, రొట్టె మీద మమకారం తీర్చుకోవడానికి అప్పుడప్పుడు ఒక ముక్క. పూర్తి భోజనంగా దాన్ని నేను ఒప్పుకోను.

వీగన్ పద్ధతిలో కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది, ఎందుకంటే అక్కడ అవిసె ఒక ఖాళీని చక్కగా నింపుతుంది, ఇంకో ఖాళీని నింపినట్టు కనిపించి నింపదు. చక్కగా నింపేది గుడ్డు స్థానం. మెత్తగా చేసిన పొడి ఒక పెద్ద చెంచా, నీళ్లు మూడు పెద్ద చెంచాలు కలిపి పది నిమిషాలు పక్కన పెడితే, పైపొరలోని జిగురు నీటిలోకి దిగి మిశ్రమం గుడ్డు తెల్లసొనలా సాగుతుంది. ఒక గుడ్డుకు బదులు ఇది. బిస్కెట్లు, మఫిన్లు, పాన్‌కేకులు, కూరగాయల కట్‌లెట్లు, వీటన్నిటిలో పిండిని పట్టి ఉంచే పని ఇది నమ్మకంగా చేస్తుంది. పొడి బరకగా ఉంటే మాత్రం పనిచేయదు, పలుకులు పంటికి తగులుతాయి. తెల్లటి కేకులో ముదురు గింజ వాడితే చుక్కలు కనిపిస్తాయి, అక్కడ బంగారు రంగు గింజ మేలు. గుడ్డు చేసే రెండో పని, గిలకొడితే గాలిని పట్టుకుని పొంగడం, ఇది చేయలేదు. తేలికగా పొంగవలసిన స్పాంజ్ కేకుకు, గుడ్డు తెల్లసొన నురగతో చేసే తీపి వంటలకు అవిసెతో ప్రయత్నించి పిండి వృథా చేసుకోవద్దు. ఒక వంటలో మూడు నాలుగు గుడ్లు ఉంటే కూడా మొత్తం అవిసెతో మార్చడం నాకు నచ్చలేదు. తడి పెరిగి ముద్దగా తయారవుతుంది.

నింపినట్టు కనిపించి నింపనిది చేప స్థానం. చేపలో ఉండే ఒమేగా 3 రకాలు ఈపీఏ, డీహెచ్‌ఏ. అవిసెలో ఉన్నది ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం. మన శరీరం దీన్ని ఆ రెండు రకాలుగా మార్చుకోగలదు కానీ చాలా పొదుపుగా. ఈపీఏగా మారేది కొద్ది శాతం, డీహెచ్‌ఏగా మారేది అంతకన్నా బాగా తక్కువ. కాబట్టి 'చేప తినకపోయినా అవిసె ఉంది కదా' అనే మాట సగమే నిజం. మా అమ్మాయి ఒకసారి ఇదే అంది: "అమ్మా, రోజూ పొడి వేసుకుంటున్నాను, ఇంక వేరే ఏమీ అక్కర్లేదు కదా?" అక్కర ఉందని చెప్పి, సముద్రపు సూక్ష్మ నాచు నుంచి తీసే డీహెచ్‌ఏ గుళికల గురించి డాక్టర్‌తో మాట్లాడించాను. చేపకు కూడా ఆ డీహెచ్‌ఏ చేరేది మూలంలో నాచు నుంచే. బీ12 విటమిన్ అవిసెలో లేదు, దానికి వేరే ఏర్పాటు తప్పదు. మాంసకృత్తుల విషయంలో కూడా అవిసెలో లైసీన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుధాన్యాలు పక్కన ఉండాలి. ఇవన్నీ అవిసెలోని లోపాలని నేను అనడం లేదు. చేయలేని పనిని దాని నెత్తిన పెట్టి, పిల్లలు తమ ఆరోగ్యాన్ని నిర్లక్ష్యం చేయడం నాకు భయం.

డ్యాష్ పద్ధతి రక్తపోటు తగ్గించడం కోసమే రూపొందింది. దాని మొదటి పెద్ద పరిశోధన ఫలితాలు 1997లో వచ్చాయి. కూరగాయలు, పండ్లు, ముడిధాన్యాలు, వెన్న తీసిన పాలు, గింజలు ఎక్కువ. ఉప్పు, తీపి, గట్టి కొవ్వులు తక్కువ. ఇక్కడ అవిసె దేనికీ బదులు కాదు, అది ముందే ఆ జాబితాలోని గింజల వరుసలో ఉంది. 100 గ్రాములకు సోడియం 30 మిల్లీగ్రాములే, పొటాషియం 800, మెగ్నీషియం 390 మిల్లీగ్రాముల దాకా. దీనికి గట్టి సాక్ష్యం కూడా ఉంది. కెనడాలో కాళ్ల రక్తనాళాలు కుంచించుకుపోయే జబ్బు ఉన్న 110 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు రోజుకు 30 గ్రాముల అవిసె పొడిని ఆహారంలో కలిపి ఇచ్చారు. ఆరు నెలలకు ఆ గుంపులో పై రక్తపోటు సుమారు 10, కింది రక్తపోటు సుమారు 7 పాయింట్లు తక్కువగా కనిపించాయి. ఆ ఫలితాలు 2013లో వెలువడ్డాయి. ఆహారంలో ఒక్క గింజ చేర్చి ఇంత మార్పు చూడటం అరుదు. 30 గ్రాములంటే పొడి సుమారు నాలుగు పెద్ద చెంచాలు, అది కూడా ఒక ప్రత్యేకమైన జబ్బు ఉన్నవారిలో, మందులతో పాటు. అందరికీ ఇదే ఫలితం వస్తుందని దీని అర్థం కాదు.

ఈ సంగతి చదివి వినిపించినప్పుడు మామగారు వెంటనే, "అయితే అమ్మాయ్, నా మాత్ర మానేయవచ్చా?" అని అడిగారు. "మానకూడదు మామయ్యగారూ. పొడి మాత్రతో పాటే, మాత్రకు బదులు కాదు" అన్నాను. ఆయనది ఉదయం ఓట్స్ గంజి. అందులో పొయ్యి మీద నుంచి దించాక పొడి కలుపుతాను. గంజి చిక్కబడుతుంది, ఉప్పు లేని లోటు కాస్త తగ్గుతుంది. మాత్రకూ పొడికీ మధ్య రెండు గంటల ఎడం ఉంచమని డాక్టర్ చెప్పారు. పీచు మందును పట్టుకుని ఒంటికి ఆలస్యంగా అందేలా చేయవచ్చు. రక్తం పలచబడే మందులు వాడేవారు, చక్కెర తగ్గించే మందులు వాడేవారు రోజూ మొదలుపెట్టే ముందే డాక్టర్‌కు చెప్పాలి.

కొలెస్ట్రాల్ కోసం తినేవారికి కూడా కెనడా ప్రభుత్వ ఆరోగ్య శాఖ మాట పనికివస్తుంది. పొడి చేసిన అవిసె కొలెస్ట్రాల్ తగ్గించడానికి తోడ్పడుతుందని ప్యాకెట్ మీద రాసుకోవడానికి అది 2014లో అనుమతి ఇచ్చింది. అందుకు ఆధారమైన పరిమాణం రోజుకు 40 గ్రాములు. మాట పొడి చేసిన గింజ గురించి అన్నది గమనించండి.

గ్లూటెన్ లేని వంటలో అవిసె నాకు నమ్మకమైన సహాయకురాలు. గోధుమ పిండికి సాగే గుణం ఇచ్చేది గ్లూటెన్. అది లేని పిండితో చేసిన రొట్టె చేతిలోకి తీసుకోగానే పొడిపొడిగా రాలుతుంది. అవిసె జిగురు ఆ రాలడాన్ని చాలావరకు ఆపుతుంది. ఒక కప్పు పిండికి ఒకటి రెండు చెంచాల పొడి చాలు, ఎక్కువైతే రొట్టె బరువెక్కుతుంది. గింజలో స్వతహాగా గ్లూటెన్ లేదు. అయినా గోధుమ పండే పొలాల్లో, గోధుమ ఆడించే మరల్లో, గోధుమ మోసే సంచుల్లో ఇది కలుషితం కావచ్చు. సీలియాక్ ఉన్నవారు పది లక్షల్లో 20 భాగాలకు మించి గ్లూటెన్ లేదని పరీక్షించి ముద్రించిన ప్యాకెట్ మాత్రమే కొనాలి. విడిగా తూచి అమ్మే గింజలను మా ఆడపడుచు వచ్చినప్పుడు నేను వాడను. ఈ ఒక్క డైట్‌లో ప్యాకెట్ మీద రాసిన మాటకు విలువ ఉంది.

మెడిటరేనియన్ పద్ధతిలో అవిసెది చిన్న పాత్ర. ఆ పళ్లెంలో ఆలివ్ నూనె, చేప, పప్పుధాన్యాలు, కూరగాయలు, గింజలు ముందే నిండుగా ఉన్నాయి. పెరుగులో ఒక చెంచా కలుపుకుంటే మంచిదే. ఆలివ్ నూనె తీసేసి అవిసె నూనె పెట్టడం మాత్రం అనవసరం.

ఆదిమానవుల తిండిని అనుకరించే పేలియోలో గింజలు తినవచ్చు కాబట్టి అవిసెకు చోటు ఉంది. దాని నుంచి పుట్టిన, రోగనిరోధక శక్తి సొంత ఒంటి మీదే తిరగబడే జబ్బులవారు పాటించే ఆటోఇమ్యూన్ పద్ధతిలో మొదటి దశలో గింజలన్నీ నిషిద్ధం, అవిసె కూడా. కొవ్వు బాగా తగ్గించే శాకాహార పద్ధతుల్లో పొడి ఒక చెంచాకు చోటు ఉంటుంది, నూనెకు ఉండదు. విరామ ఉపవాసం చేసేవారు ఉపవాస గంటల్లో అవిసె నీళ్లు తాగితే ఉపవాసం ముగిసినట్టే, 37 కిలోకేలరీలు 37 కిలోకేలరీలే. తినే సమయంలోని మొదటి భోజనంతో కలుపుకోండి, ఆకలి నెమ్మదిస్తుంది.

పేగుల బాధ ఉన్నవారు పాటించే, పేగుల్లో పులిసి గ్యాస్ పుట్టించే పిండిపదార్థాలను తగ్గించే లో ఫాడ్‌మ్యాప్ పద్ధతి గురించి కాస్త ఆగి చెప్పాలి. దీన్ని రూపొందించింది ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయం వారు. ఇందులో గోధుమ, ఉల్లి, వెల్లుల్లి, చాలా రకాల పప్పులు కొంతకాలం ఆగిపోతాయి, పీచు పడిపోతుంది. ఆ సమయంలో అవిసె ఒక పెద్ద చెంచా వరకు తినవచ్చు. బ్రిటన్‌లోని నైస్ సంస్థ మార్గదర్శకాలు కూడా కడుపు ఉబ్బరం, గ్యాస్ ఉన్నవారికి ఓట్స్‌తో పాటు రోజుకు ఒక పెద్ద చెంచా దాకా అవిసె ప్రయత్నించవచ్చని చెబుతాయి. వీరు అర చెంచాతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. పీచు ఒక్కసారిగా పెంచితే మంచి పేగులకే కష్టం.

ఒక డైట్ పేరు మాత్రం నాకు కోపం తెప్పిస్తుంది. 1950లలో జర్మనీకి చెందిన యోహన్నా బుడ్విగ్ అవిసె నూనె, విరిగిన పాల జున్ను కలిపి తినే పద్ధతి ఒకటి ప్రచారంలోకి తెచ్చారు. దానితో క్యాన్సర్ తగ్గుతుందని ఇప్పటికీ చెప్పేవారున్నారు. దానికి నమ్మదగిన రుజువు లేదు. ఇంట్లో ఎవరికైనా ఆ జబ్బు వచ్చి, చికిత్స వాయిదా వేసి దీన్ని పట్టుకుంటామంటే, దయచేసి ఆపండి. హార్మోన్లతో ముడిపడిన క్యాన్సర్లు ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఒంట్లో హార్మోన్‌లా కొద్దిగా పనిచేయగల లిగ్నాన్ల కారణంగా పొడి విషయంలో కూడా డాక్టర్ సలహా తీసుకోవాలి.

నూనె గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పెద్ద చెంచా నూనెలో 7 గ్రాముల దాకా ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, 120 కిలోకేలరీలు ఉంటాయి. పీచు లేదు, లిగ్నాన్లు దాదాపు లేవు. సుమారు 107 డిగ్రీల సెల్సియస్‌కే పొగలు వస్తాయి, కాబట్టి వేయించడానికి పనికిరాదు. ముదురు రంగు సీసా, ఫ్రిజ్, మూత తీశాక కొన్ని వారాల్లో పూర్తి చేయడం, ఇవన్నీ తప్పవు. పీచు అసలు పడనివారికి, చల్లటి సలాడ్ మీద కొద్దిగా వేసుకోవడానికి సరే. చెక్కకు పూసే అవిసె నూనెను పొరపాటున కూడా తినకూడదు. త్వరగా ఆరడం కోసం అందులో లోహ లవణాలు కలుపుతారు. ఇక గుళికలు: ఒక గ్రాము నూనె ఉన్న గుళికలో ఆ ఆమ్లం అర గ్రాముకు కాస్త అటూ ఇటూ. ఒక చెంచా పొడికి సమానం కావాలంటే మూడు మింగాలి, అయినా పీచు రాదు.

ముదురు గోధుమ రంగు గింజకూ బంగారు రంగు గింజకూ పోషకాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. రంగు కోసం ఎక్కువ డబ్బు పెట్టవద్దు. పచ్చి అవిసెలో సయనైడ్ విడుదల చేయగల పదార్థాలు కొద్దిగా ఉంటాయి. రోజుకు ఒకటి రెండు చెంచాలకు ఆరోగ్యవంతులైన పెద్దలు భయపడనక్కర లేదు, వేయించడం, కాల్చడం వాటిని ఇంకా తగ్గిస్తుంది. పచ్చి పొడిని గిన్నెడు తాగడం, చిన్న పిల్లలకు ఎక్కువగా పెట్టడం వద్దు. ప్రతి చెంచాకూ ఒక పెద్ద గ్లాసు నీళ్లు తప్పనిసరి. పొడి పొట్టలో ఉబ్బుతుంది. పేగులు సన్నబడిన జబ్బు ఉన్నవారు, మింగడం కష్టంగా ఉన్నవారు అసలు తినకూడదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, మామగారికి మేలు చేసే ఆ పొటాషియమే తమకు భారం కావచ్చని గుర్తుంచుకుని, ముందు డాక్టర్‌ను అడగాలి.

అమ్మేవారికి నా విన్నపాలు కూడా రాస్తున్నాను, సమీక్షలు వారు చదువుతారన్న నమ్మకంతో. పొడి ప్యాకెట్ మీద గింజను ఆడించిన తేదీ వేరుగా ముద్రించండి. పెద్ద సంచులు మాని, వారం పది రోజుల్లో అయిపోయే చిన్న ప్యాకెట్లు, వెలుతురు చొరబడనివి చేయండి. గ్లూటెన్ పరీక్ష చేయించి ఫలితం వేయండి. 'వీగన్', 'కీటో' అన్న అక్షరాలకు పెట్టే చోటులో 'నీళ్లు ఎక్కువగా తాగండి, విప్పాక ఫ్రిజ్‌లో ఉంచండి' అన్న రెండు వాక్యాలు పెద్దగా వేయండి. అలా చేసిన రోజు పొడి ప్యాకెట్‌ను కూడా నేను మొదటి స్థానంలో పెడతాను.